చీమకుర్తిలో మూడున్నరేళ్ల గేమింగ్ పీసీ, దాని అడుగున ఉన్న ఫిల్టర్

2022 దసరాకు ఒంగోలులో విడిభాగాలు కొని నేనే బిగించుకున్న గేమింగ్ పీసీని చీమకుర్తిలోని మా ఇంట్లో మూడున్నరేళ్లుగా వాడుతున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, అన్నింటికీ కరెంటు అందించే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. వీటి వేగం గురించి చెప్పవలసింది అందరూ ఎప్పుడో చెప్పేశారు కాబట్టి ఆ జోలికి పోను. నేను రాయదలచుకున్నది కేబినెట్ గురించి, అందులోనూ ఎస్‌ఎంపీఎస్ కింద అమర్చిన చిన్న డస్ట్ ఫిల్టర్ గురించి. నిరుడు ఎండాకాలంలో అది నాకు ఐదు వారాలు నిద్ర లేకుండా చేసి, పైగా సుమారు నాలుగు వేల రూపాయలు వదిలించింది. కేబినెట్ పేరు చెప్పడం లేదు. ఇదే అమరిక చాలా కంపెనీల పెట్టెల్లో ఉంది.

కొన్న మూడో నెలలో మిత్రులకు రాసి పంపిన మొదటి అభిప్రాయంలో, ఈ కేబినెట్‌లోకి దుమ్ము చొరబడదని తెగ మెచ్చుకున్నాను. మా ఊరిని ఎరిగినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది. బంగారు చుక్కలు మెరిసే నల్ల గెలాక్సీ గ్రానైట్ ఇక్కడి క్వారీలదే. ఫ్యాక్టరీలలో రాయిని నీళ్లు పోస్తూ కోస్తారు. ఆ బురద ఎండి, లారీ చక్రాల కింద నలిగి, గోధుమపిండి కన్నా మెత్తని బూడిదరంగు పొడిగా మారి కర్నూలు రోడ్డు వెంట గాలిలో తిరుగుతూ ఉంటుంది. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. అలాంటి చోట మూడు నెలల తర్వాత పక్క అద్దం తీసి చూస్తే మదర్‌బోర్డు కొత్తదానిలా ఉండటం నాకు వింతగానే తోచింది. ఆ మెచ్చుకోలును ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. దుమ్ము లోపలికి రాలేదన్నది నిజమే. రాని దుమ్ము ఎక్కడ పోగుపడిందో ఆ రోజు నేను చూడలేదు.

మొదటి రెండు వేసవుల్లో వచ్చిన ఇబ్బంది వేరు. ఆట మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు ఫ్రేములు పడిపోయి, బొమ్మ తడబడేది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అన్న ఉష్ణోగ్రతలు చూపే ప్రోగ్రామ్ పెట్టి చూస్తే ప్రాసెసర్ 90 డిగ్రీల దగ్గర ఆగి, 4.4 గిగాహెర్ట్జ్ నుంచి వేగాన్ని తానే తగ్గించుకుంటోంది. 90 డిగ్రీలు ఈ ప్రాసెసర్‌కు తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు. ముందువైపు మొత్తం గాజు పలక కావడంతో ఫ్యాన్లకు గాలి అంచుల్లోని సన్నని సందుల నుంచే అందాలి. ఆ పలకను ఊడదీసి, కిటికీలకు వేసే దోమల మెష్‌ను కత్తిరించి అతికించాను. ఉష్ణోగ్రత 11 డిగ్రీలు తగ్గింది, రంగు లైట్ల సోకు కూడా తగ్గింది. ఆ సంగతి అంతటితో ముగిసింది.

అసలు కథ 2025 మే మొదటి వారంలో మొదలైంది. పెద్ద ఆట ఏదైనా అరగంట ఆడగానే పీసీ ఒక్కసారిగా ఆరిపోయేది. బ్లూ స్క్రీన్ లేదు, ముందుగా తడబాటు లేదు. ఎవరో ప్లగ్ పీకినట్టు అంతా చీకటి. వాలొరంట్ వంటి తేలికపాటి ఆటలు మాత్రం రాత్రంతా ఆడినా ఏమీ అయ్యేది కాదు. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అన్న నమోదు, అందులో క్రాష్ కారణాన్ని తెలిపే బగ్‌చెక్ కోడ్ సున్నా. క్రాష్ వివరాలు దాచే మినీడంప్ ఫోల్డర్ ఖాళీ. ఆ 41 అన్నది జబ్బు పేరు కాదని, పీసీ సక్రమంగా ఆగకుండా మళ్లీ మొదలైందని మాత్రమే అది చెబుతుందని నాకు అప్పుడు అర్థం కాలేదు. కోడ్ సున్నా అంటే, విండోస్ తన చావుకు కారణం రాసుకునే వ్యవధి కూడా లేకుండా కరెంటు పోయి ఉండవచ్చు. డ్రైవర్ చెడితే సాధారణంగా తెర మాత్రమే పోయి పెట్టె నడుస్తూ ఉంటుంది. ర్యామ్ చెడితే ఎక్కువగా బ్లూ స్క్రీనే వస్తుంది. ఈ ఒక్క తేడాను పట్టుకుని ఉంటే నాలుగు వారాలు మిగిలేవి.

నేను మాత్రం అందరూ చేసేవన్నీ వరుసగా చేశాను. డ్రైవర్లను పూర్తిగా తొలగించే డీడీయూ ప్రోగ్రామ్‌తో గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తుడిచి మళ్లీ వేశాను. మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షను రాత్రంతా నడిపితే నాలుగు పాస్‌లలో ఒక్క తప్పూ రాలేదు. అయినా నమ్మకం కుదరక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే అమరిక) ఆపేసి, ఆటలు నెమ్మదించడం చూసి మళ్లీ పెట్టాను. థర్మల్ పేస్టు మార్చాను. పక్కింటి ఎలక్ట్రీషియన్ బాబాయి మల్టీమీటర్‌తో చూసి, సాయంత్రాలు 205 వోల్టులే వస్తున్నాయనగానే 2,200 రూపాయలు పెట్టి స్టెబిలైజర్ కొన్నాను. నా ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుందని దాని పక్కనే అచ్చువేసి ఉంది. చదివింది మాత్రం డబ్బులిచ్చిన తర్వాత. ఒక మిత్రుడి సలహాపై పంక్చర్ షాపు కంప్రెసర్‌తో లోపలంతా గాలి కూడా కొట్టించాను. ఆ గాలితో పాటు నీటి తుంపరలు వస్తాయని నా చేతి మీద పడ్డాకే తెలిసింది కాబట్టి, ఆ పని ఎవరూ చేయవద్దు.

చివరికి ఆటోలో ఒంగోలు తీసుకువెళ్లాను. షాపు కుర్రవాడు పీసీని టేబుల్ మీద పక్కకు పడుకోబెట్టి, ఏసీ గదిలో రెండు గంటలు గ్రాఫిక్స్ కార్డును పూర్తి జోరుగా పరుగెత్తించే ఫర్‌మార్క్ నడిపాడు. ఒక్కసారి కూడా ఆరలేదు. "అన్నా, మీ ఇంట్లో కరెంటు ప్రాబ్లం" అని తేల్చి 500 రూపాయలు తీసుకున్నాడు. అతన్ని తప్పుపట్టను, అక్కడ అది నిజంగానే బాగుంది. ఇంటికి తెచ్చి నిలబెట్టిన రాత్రే మళ్లీ ఆరిపోయింది.

ఆ రాత్రి కోపంతో వెంటనే స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పది నిమిషాల తర్వాత నొక్కితే ఏమీ జరగనట్టు లేచింది. మర్నాడు కావాలనే గడియారం పెట్టుకుని చూశాను: ఆరిన ప్రతిసారీ కనీసం ఏడెనిమిది నిమిషాలు ఆగితేనే లేస్తోంది. వోల్టేజీ సమస్యయితే అంతసేపు అలగదు కదా. ఆట నడుస్తుండగా పీసీ వెనక చేయి పెట్టి చూస్తే, పైన కేబినెట్ ఫ్యాన్ నుంచి గాలి జోరుగా వస్తోంది, కింద ఎస్‌ఎంపీఎస్ జాలీ నుంచి దాదాపు ఏమీ రావడం లేదు. దాని రేకు మాత్రం చేయి ఆనించలేనంతగా కాలుతోంది. నా తెర మీద కనిపించే ఉష్ణోగ్రతలలో ఎస్‌ఎంపీఎస్‌ది లేనే లేదు. నేను అన్నాళ్లూ చూసినవి మిగతా వాటి జ్వరాలు.

తీగలన్నీ పీకి కేబినెట్‌ను పక్కకు వాల్చాను. అడుగున మడత పెట్టిన పాత దుప్పటి ఉంది. "బండల మీద గీతలు పడుతున్నాయి నాయనా, సంక్రాంతికి ఇల్లు కడిగినప్పుడు నేనే వేశా" అంది అమ్మ. దానిపైన ఫిల్టర్ ఉండవలసిన చోట జాలీ కన్నాలు కనిపించలేదు. ఒక బూడిదరంగు అట్ట కనిపించింది. గోటితో గీస్తే పెళ్లలుగా రాలింది. బకెట్ నీళ్లలో ముంచితే నీళ్లు కుడితిలా చిక్కబడ్డాయి, మూడోసారికి గాని నైలాన్ దారాలు బయటపడలేదు. ఈ పీసీ పెద్ద ఆటలో సుమారు 300 వాట్లు లాగుతుంది. అంత ఇవ్వడానికి ఎస్‌ఎంపీఎస్ తన పెట్టెలోనే ఇంచుమించు 50 వాట్లను వేడిగా మార్చుకుంటుంది. ఆ వేడిని తోసేందుకు గాలి లేక, మా గదిలో అప్పటికే 37 డిగ్రీలుండగా, లోపలి రక్షణ వ్యవస్థ తనను తాను ఆపేసుకుని, చల్లబడ్డాక లేస్తోంది. షాపులో అడుగుభాగం గాలికి తెరుచుకుని, చుట్టూ ఏసీ ఉండటంతో ఆ ఫిల్టర్‌తోనే నెట్టుకొచ్చింది. కడిగి, ఆరబెట్టి, దుప్పటి తీసేసి నిలబెట్టిన రోజు నుంచి నేటి వరకు ఒక్కసారి కూడా ఆరలేదు.

నా అక్కసు ఫిల్టర్ ఉన్నందుకు కాదు, దాన్ని అమర్చిన తీరు మీద. ముందు జాలీ అయస్కాంతంతో చేతికి వస్తుంది, పై జాలీ అంతే. అన్నింటికన్నా ఎక్కువ పొడి పీల్చే అడుగు జాలీ మాత్రం వెనక నుంచే జారుతుంది. గోడకు ఆనించిన పీసీలో దాన్ని తీయాలంటే ముందు పది తీగలు పీకాలి. బిగించిన రోజు తర్వాత నేను దాని ముఖం చూడకపోవడంలో నా బద్ధకం సగం, ఆ డిజైన్ సగం. ఇప్పుడు కేబినెట్‌ను గోడకు జానెడు దూరం జరిపి, రెండు గ్రానైట్ తుక్కు ముక్కల మీద నిలబెట్టాను; మా ఊళ్లో అవి అడిగితే ఊరికే ఇస్తారు. ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి, మిగతా కాలంలో నెలకొకసారి ఫిల్టర్ కడుగుతున్నాను. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పలేదు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి ఎవరూ విప్పకపోవడమే మంచిది.

కొనవచ్చా అని అడిగేవారికి నా సమాధానం కొంచెం మెలికతోనే ఉంటుంది. కావలిలో మా పిన్ని కొడుకు దగ్గర ఇదే కేబినెట్ రెండేళ్లుగా మేడ మీద ఏసీ గదిలో ఉంది. అతని ఫిల్టర్‌కు సన్నని నూగు తప్ప ఏమీ పట్టలేదు, అతను దీన్ని పొగుడుతూనే ఉన్నాడు. నాది రోడ్డు పక్క ఇల్లు, ఏసీ లేని గది. పైగా ఐదు వారాల పాటు ఉడికిన ఎస్‌ఎంపీఎస్ ఇంకా అదే. వేడికి కెపాసిటర్ల ఆయుష్షు తరుగుతుంది కాబట్టి, దానిలో ఇంకెంత మిగిలిందో పైకి చూసి చెప్పలేను. ఈ ఏడాది రోహిణి కార్తె ఇంకా రాలేదు. ఐదు నక్షత్రాలకు మూడు ఇవ్వాలా నాలుగు ఇవ్వాలా అన్నది జూన్ దాకా ఆపుతున్నాను.