క్యానా, సీసానా, ట్యాపా: కొలరాడోలో తేల్చుకున్న బీరు తగువు

కొలరాడో వెళ్ళేవాళ్ళంతా కొండలెక్కడానికి వెళ్తారు. మేం కొండల్ని దూరం నుంచే చూసి, డెన్వర్, గోల్డెన్, లాంగ్‌మాంట్, ఫోర్ట్ కాలిన్స్ తిరిగి బీరు తాగొచ్చాం. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావకి బీరంటే సీసాలోనే ఉండాలి. టిన్ను బీరు ఇనుము వాసన కొడుతుందంటాడు. డాలస్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి నేను క్యాన్ల పక్షం. ఈ తగువు తేల్చుకోవాలంటే కొలరాడోకి మించిన చోటు లేదు. అల్యూమినియం బీరు క్యాన్ జనంలోకి పాకింది ఇక్కడి నుంచే. చిన్న బ్రూవరీలకి (బీరు తయారుచేసేవాళ్ళకి) క్యాన్ మీద నమ్మకం కుదిరిందీ ఇక్కడే.

ముందు ప్రయాణం సంగతి. ఈ ట్రిప్‌కి కారు అద్దెకి తీసుకోకండి. కొలరాడోలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే మామూలు డ్రంకెన్ డ్రైవింగ్ కేసు, 0.05 దాటినా ఇంకో రకం కేసు పెడతారు. ఎయిర్‌పోర్టు నుంచి యూనియన్ స్టేషన్‌కి రైల్లో నలభై నిమిషాల లోపే చేరిపోతాం. అక్కణ్ణుంచి ఫోర్ట్ కాలిన్స్‌కి బస్టాంగ్ అనే బస్సుంది, సీట్లు బాగుంటాయి. ఫోర్ట్ కాలిన్స్ నుంచి లాంగ్‌మాంట్‌కి ఫ్లెక్స్ బస్సు ఉంది కానీ తిరుగు బస్సు టైము ముందే చూసుకోవాలి. గోల్డెన్‌కి మాత్రం మేం ట్యాక్సీలో వెళ్ళాం.

డెన్వర్‌లో దిగిన హోటల్ పేరు చెప్పను. గది శుభ్రంగానే ఉంది, ఫ్రిజ్ పేరుకే ఫ్రిజ్. రాత్రి పెట్టిన బీరు పొద్దున చూస్తే గోరువెచ్చగా ఉంది. రిసెప్షన్‌లో చెబితే నవ్వుతూ ఐసు బకెట్ ఇచ్చారు. ఆ రాత్రి పక్క వీధి బార్‌లో ట్యాప్ బీరు, అంటే పీపా నుంచి గొట్టం ద్వారా నేరుగా గ్లాసులోకి పట్టేది, చెప్పాం. మొదటి గుక్కలోనే వెన్న వాసన. ట్యాప్ గొట్టాలు కడక్కపోతే లోపల సూక్ష్మజీవులు పేరుకుని ఇలాంటి వాసన పట్టుకుంటుంది. రెండు వారాలకోసారి గొట్టాలు కడగాలని అమెరికా క్రాఫ్ట్ (చిన్న, స్వతంత్ర) బ్రూవర్ల సంఘమే చెబుతుంది. బ్రూవరీ నుంచి పీపా ఎంత తాజాగా వచ్చినా ఆఖరి పది అడుగుల గొట్టం బార్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ట్యాప్ బీరే ఎప్పుడూ శ్రేష్ఠం అనే మాటకి ఆ రాత్రే చెల్లు రాశాం. జనం కిటకిటలాడే చోట, పీపాలు గబగబా ఖాళీ అయ్యే చోట మాత్రమే ట్యాప్ అడగాలి.

గోల్డెన్‌లో కూర్స్ బ్రూవరీ 1873 నాటిది. అడాల్ఫ్ కూర్స్ మొదలుపెట్టాడు. ఇప్పుడది ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీలా ఉండదు, ఫ్యాక్టరీ పక్కన ఊరున్నట్టు ఉంటుంది. టూరుకి ముందే బుక్ చేసుకుని వెళ్ళడం మేలు. ఈ కంపెనీ 1959లో అల్యూమినియం క్యాన్ తెచ్చింది, అప్పట్లో ఏడు ఔన్సుల బుల్లి క్యాన్. ఖాళీ క్యాన్ తిరిగిస్తే ఒక సెంటు చేతిలో పెట్టేవాళ్ళు. అంతకుముందు 1935 నుంచి ఉన్నవి ఉక్కు డబ్బాలు. బావ చెప్పే ఇనుము వాసన ఆ కాలం పెద్దల నోట మొదలై ఉంటుందని నా అనుమానం. ఇప్పటి క్యాన్ లోపల పల్చటి పూత ఉంటుంది, బీరుకి లోహం తగలదు. మరి వాసన ఎక్కడిది? క్యాన్‌ని నోటికి పెట్టుకుంటే ముక్కుకి దగ్గరగా ఉండేది బీరు కాదు, అల్యూమినియం మూత. గోల్డెన్‌లోనే కూర్స్ బ్యాంక్వెట్ పసుపు క్యాన్ ఒకటి గ్లాసులో వంచి బావకి ఇచ్చాను. "ఇందులో వాసన లేదేంట్రా" అన్నాడు. అదే బీరు పొట్టి గోధుమరంగు సీసాలోనూ దొరుకుతుంది. సీసా ముద్దొస్తుంది, గ్లాసులో పోస్తే రెంటికీ తేడా లేదు.

కూర్స్ బీరుని పాశ్చరైజ్ చేయకుండా చల్లగానే రవాణా చేసేవాళ్ళు, 1980లు వచ్చేదాకా మిసిసిపీ నదికి తూర్పున అమ్మనేలేదు. బీరు దేనికి పాడవుతుందో వాళ్ళకి బాగా తెలుసు. వేడి, వెలుతురు, గాలి. క్యానా సీసానా అన్న గొడవంతా ఈ మూడింటి దగ్గరికే వస్తుంది.

లాంగ్‌మాంట్‌కి వెళ్ళింది రెండు బ్రూవరీల కోసం. ఆస్కర్ బ్లూస్ వాళ్ళు 2002లో, పక్కనే ఉన్న లయన్స్ అనే చిన్న ఊళ్ళో, చేత్తో నడిపే బుల్లి యంత్రం మీద డేల్స్ పేల్ ఏల్ అనే తమ బీరుని క్యాన్లలో నింపడం మొదలుపెట్టారు. క్యాన్ అంటే చౌక బీరు అని జనం అనుకునే రోజులవి. 6.5 శాతం ఆల్కహాల్, హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) వల్ల గట్టి చేదు ఉన్న బీరుని డబ్బాలో పెడితే నవ్వారు. ఇప్పుడు అమెరికాలో ఏ క్రాఫ్ట్ షాపుకెళ్ళినా అల్మరా నిండా క్యాన్లే. హాప్స్ వాసన నిలవాలంటే ఆక్సిజన్ చొరబడకూడదు. క్యాన్ మూత మడత బిగిస్తే గాలి దూరదు. సీసా మూత కింది పొర గుండా కొద్దికొద్దిగా దూరుతూనే ఉంటుంది. నెలలు గడిచాక తడిసిన అట్టపెట్టె రుచి వచ్చేది అందుకే.

లెఫ్ట్ హ్యాండ్ మాత్రం బావ మనసు దోచింది. సెయింట్ వ్రేన్ ఏటి పక్కన పాతకాలపు చోటు, మంచింగ్‌కి ఏమీ లేకపోయినా ఎవరూ పట్టించుకోరు. నాకు మిర్చి బజ్జీ గుర్తొచ్చింది, అది వేరే సంగతి. వాళ్ళ మిల్క్ స్టౌట్ నైట్రో అనే నల్ల బీరు 2011లో సీసాలో వచ్చినప్పుడు, నురగ కోసం లోపల వేసే ప్లాస్టిక్ బంతి కూడా లేకుండా నైట్రోజన్ నురగ తెప్పించారు. పోసే పద్ధతే అందులో కిటుకు. గ్లాసుని వంచకూడదు. సీసాని ఒక్కసారిగా తలకిందులు చేసి దబాలున పోయాలి. బార్ వెనకున్న అమ్మాయి అలా పోసి చూపిస్తే, బీరు మొత్తం మట్టిరంగు మేఘంలా కలగాపులగమై, గోడ వెంబడి బుడగలు కిందికి జారి, నిమిషంలో అడుగున నలుపూ పైన మీగడా తేలాయి. నెమ్మదిగా పోసుకుంటే చప్పటి నల్ల నీళ్ళు. పాల చక్కెర వేస్తారు కాబట్టి పాలు పడనివాళ్ళు జాగ్రత్త.

ఫోర్ట్ కాలిన్స్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ హోటల్లో ఉన్నాం. 1923 నాటి భవనం, ఓల్డ్ టౌన్ నడిబొడ్డున. సాయంత్రం ఎటు నడిచినా ఏదో ఒక ట్యాప్‌రూమ్ (బ్రూవరీ వాళ్ళ సొంత బార్) తగులుతుంది. ఈ ట్రిప్‌లో బస విషయంలో నాకు నచ్చింది ఈ ఊరే. డెన్వర్‌లో రెండో రాత్రి అనవసరం అనిపించింది.

న్యూ బెల్జియం 1991లో మొదలైంది. వాళ్ళ ఫ్యాట్ టైర్ రుచిని 2023లో మార్చి తేలిక చేశారు. నాకు పాతదే ఇష్టం, ఆ కాల్చిన బ్రెడ్డు లాంటి మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచి కొత్తదాన్లో తగ్గింది. ఇక్కడ సీసా, క్యాన్ చర్చ కంటే మారిన వంటకమే పెద్ద విషయం. ఆడెల్ బ్రూవరీ (1989) దగ్గర పెద్ద ఆరుబయలు ఉంది. అక్కడే అసలు పాఠం దొరికింది. ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసే ఓ రకం బీరు) గ్లాసు ఎండలో పెట్టి కబుర్లలో పడ్డాం. కాసేపటికి అదే గ్లాసు ఎత్తితే ఘాటు వాసన, అమెరికా హైవే మీద రాత్రి పూట కారు నడిపినవాళ్ళకి తెలిసిన స్కంక్ అనే కంపు జంతువు వాసన. హాప్స్ లోని చేదు పదార్థం వెలుతురికి విరిగి గంధకం ఉన్న ఓ సమ్మేళనం పుడుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురుని చాలావరకు ఆపుతుంది. పచ్చ సీసా పెద్దగా ఆపదు, తెల్ల (రంగులేని) సీసా అసలే ఆపదు, క్యాన్ పూర్తిగా ఆపుతుంది. మరి మిల్లర్ హై లైఫ్ అనే అమెరికా బీరు తెల్ల సీసాలో ఎలా బతుకుతోందని బావ అడిగాడు. వాళ్ళు వాడేది వెలుతురుకి విరగకుండా మార్చిన హాప్స్ సారం. తెల్ల సీసా చూసి భయపడాల్సిన పని లేని బీరు అదొక్కటే నాకు తెలుసు.

ఆ రాత్రి హోటల్లో సియెరా నెవాడా పేల్ ఏల్ సీసావి, క్యాన్‌వి, దగ్గర దగ్గర తేదీలున్నవి తెచ్చి, మా చెల్లెలి చేత కనబడకుండా కప్పుల్లో పోయించాం. 1980 నాటి ఈ కాలిఫోర్నియా బీరు నాకు అమెరికా బీర్లన్నింట్లో ప్రాణం. బావ వాసన చూసి, నాలుక మీద తిప్పి, "ఇదే సీసా" అని గట్టిగా చెప్పింది క్యాన్‌ది. నేనూ ధైర్యంగా చెప్పలేకపోయాను. తాజాగా ఉన్నంతకాలం ఆ రెండూ ఒకటే. చెల్లెలు మాత్రం ఇద్దర్నీ చూసి, "దీనికోసం ఇంత దూరం వచ్చారా అన్నయ్యా" అంది.

ఒక్క ప్యాకింగ్ మాత్రం నాకు గిట్టలేదు, అది గ్రౌలర్. ట్యాప్ నుంచి 64 ఔన్సుల సీసాలో నింపిస్తారు. నింపేటప్పుడే గాలి కలుస్తుంది, కొంత గ్యాసూ పోతుంది. దానికి బదులు క్రౌలర్ అడగండి. 32 ఔన్సుల పెద్ద క్యాన్‌ని కళ్ళముందే నింపి మూత బిగించి ఇస్తారు. ఇదీ ఆస్కర్ బ్లూస్ వాళ్ళు బాల్ అనే క్యాన్ల కంపెనీతో కలిసి తెచ్చిందే.

కొనేటప్పుడు క్యాన్ అడుగున తేదీ చూడండి. ఐపీఏ అయితే రెండు నెలలు దాటింది నేను ముట్టను. కొలరాడోలో 2019 నుంచి కిరాణా సూపర్‌మార్కెట్లలోనూ మామూలు బీరు అమ్ముతున్నారు గానీ, చల్లటి గదిలో పెట్టే లిక్కర్ షాపే నయం. వెచ్చటి అల్మరాలో మెరిసే లైట్ల కింద ఉన్న సిక్స్‌ప్యాక్ ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

బావ తిరుగు ప్రయాణానికి చెక్-ఇన్ బ్యాగులో ప్లాస్టిక్ కవర్లు చుట్టి, బట్టల మధ్య క్యాన్లు సర్దాం. 24 శాతం లోపు ఆల్కహాల్‌కి అమెరికా విమానాల చెక్-ఇన్ బ్యాగుల్లో పరిమితి లేదు, మన కస్టమ్స్ దగ్గర మాత్రం మనిషికి రెండు లీటర్లే. 355 మిల్లీలీటర్ల క్యాన్లు ఐదు పడతాయి. ఐపీఏ పెడదామంటే హైదరాబాద్ చేరి, చుట్టాలు కూడి, మూత తీసేసరికి హాప్స్ సగం చస్తాయి. అందుకని మూడు స్టౌట్లు, రెండు డేల్స్ పెట్టాం. ముందు డేల్స్ తాగమని బావకి గట్టిగా చెప్పి పంపాను.