బిడియస్తులకు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు

ఇంటర్వ్యూలో జవాబు తెలిసి కూడా గొంతు పెగలని నాకు, అమీర్‌పేటలో చేరిన ఒక శిక్షణ కేంద్రం కంటే, సభ్యులు కలిసి నలుగురిలో మాట్లాడటం సాధన చేసే, 1924లో కాలిఫోర్నియాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల పద్ధతి ఎక్కువ మేలు చేసింది. క్లబ్బు సమావేశంలో ‘టేబుల్ టాపిక్స్’ అనే భాగంలో అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి, నిమిషానికి ఆకుపచ్చ, ఒకటిన్నరకు పసుపు, రెండుకు ఎరుపు గుర్తు చూపుతారు, ఎన్నిసార్లు నసిగామో లెక్కపెట్టడానికి వేరే సభ్యుడు ఉంటారు. మొదటిసారి నా చేతిలోని కాగితం వణికే చప్పుడు నాకే వినిపించింది. నాలుగో సమావేశంలో కాగితం లేకుండానే లేచాను. అయితే క్లబ్బులో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే పద్ధతి కనుక, బృంద చర్చలో మాట అందుకునే నేర్పు కోసం నలుగురు స్నేహితులతో విడిగా సాధన చేయాలి. చేరే ముందు అతిథిగా ఒక సమావేశానికి వెళ్లి చూడవచ్చు.