హిమాలయన్‌కి ఫ్యూయల్ ట్యూనింగ్ డబ్బా పెట్టాను, చెక్ లైట్ ఫ్రీగా వచ్చింది

ముందే చెప్పేస్తున్నా, ఇంజన్‌కి పోయే పెట్రోల్‌ని కొంచెం పెంచే ఈ డబ్బా పెట్టుకుంటే బండి స్పీడ్ పెరగదు. నాది 2021 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, బీఎస్6 మోడల్. 24 హార్స్ పవర్ బండి డబ్బా పెట్టాక కూడా 24 హార్స్ పవర్ బండే. హైవే మీద ఐదో గేర్‌లో పైకి పోయేకొద్దీ ఊపిరాడనట్టు మూలగడం ఇప్పటికీ అలాగే ఉంది. వీడియోలు చూసి ఆ ఆశతో కొనేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, 8 వేల చిల్లర మిగులుతుంది.

మరి నేనెందుకు కొన్నానంటే, రెండు బాధలు. ఒకటి, మెహిదీపట్నం నుంచి టోలిచౌకి దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో రెండో గేర్‌లో, మూడో గేర్‌లో నెమ్మదిగా పోతుంటే బండి ముందుకీ వెనక్కీ ఊగేది, యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే ఒక్కసారి లాగేది, వదిలితే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగేది. వెనక కూర్చున్న మా ఆవిడ హెల్మెట్ నా హెల్మెట్‌కి ఠక్కున తగిలి రోజూ గొడవ. రెండోది నేను కోరి తెచ్చుకున్నది. కంపెనీ సైలెన్సర్ బరువుగా ఉందని తేలికది ఒకటి పెట్టించాను, అప్పటినుంచీ యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పటపటమని దీపావళి. మొదట్లో బాగానే అనిపించింది, నెల తిరిగేసరికి మా వీధిలో కుక్కలు కూడా నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టాయి.

అందరూ చెప్పే కారణం ఒక్కటే, బండి లీన్‌గా నడుస్తోంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. ఇందులో నిజం ఉంది. పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఎమిషన్ నిబంధనల వల్ల కంపెనీ వాళ్లు నెమ్మదిగా నడిపేటప్పుడు బండిని ఆ లెక్కకే కట్టేస్తారు. ఇంజన్ హాయిగా లాగేది మాత్రం గాలి 13 వంతులకి కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ పెట్రోల్ పోయాలి. నెమ్మదిగా పోయేటప్పుడు ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, తనే సర్దుకుంటుంది గానీ, ఫుల్ యాక్సిలరేటర్ మీద సెన్సర్ మాట వినడం మానేసి ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం పోతుంది.

ఈ డబ్బా చేసేది చిన్న మోసం. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి పోయే బెండ్ పైప్ మీద ఉండి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఓ2 సెన్సర్ మిశ్రమం లీన్‌గా ఉంటే 0.1 వోల్టు దగ్గర, రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువగా ఉంటే 0.9 దగ్గర చెబుతుంది. ఈసీయూ ఆ రెండింటి మధ్య ఊగుతూ బ్యాలెన్స్ చేసుకుంటుంది. డబ్బా మధ్యలో కూర్చుని సెన్సర్ చెప్పేదాన్ని కొంచెం మార్చి ఈసీయూకి చెబుతుంది, "ఇంకా లీన్‌గానే ఉంది, ఇంకొంచెం పొయ్యి" అని. అటు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకునే టైము కూడా కొంచెం సాగదీస్తుంది. ఈ రెండో పని ఒక్కటే చేసే చవక డబ్బాలు కూడా ఉన్నాయి, వాటి జోలికి పోకండి. మీరు ఎంత ఎక్కువ పోసినా ఓ2 సెన్సర్ అది పట్టేసి ఈసీయూకి చెబుతుంది, అది వెంటనే తగ్గించేస్తుంది. వారం తిరిగేసరికి మీ డబ్బులు తప్ప ఏమీ మారదు. కొనేముందు ఓ2 సెన్సర్‌కి కప్లర్ ఉందా లేదా అన్నది ఒక్కటి చూసుకోండి చాలు. పేరు రాయడం లేదు, మార్కెట్లో మంచివన్నీ ఇంచుమించు ఇదే పద్ధతిలో పనిచేస్తాయి.

ఫిట్టింగ్ నేనే చేసుకున్నాను. వైర్లు కోయక్కర్లేదు, అన్నీ మగ ఆడ కప్లర్లు, ఉన్నదాన్ని ఊడదీసి మధ్యలో దీన్ని ఇరికించడమే. ఇంజెక్టర్, ఓ2 సెన్సర్, క్రాంక్ సెన్సర్, థ్రాటిల్ పొజిషన్ సెన్సర్, ఆఖర్న బ్యాటరీ మైనస్‌కి ఎర్త్. కాగితం మీద అరగంట పని అని రాశారు, నాకు ఆదివారం పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడయింది. ట్యాంక్ లేపందే ఇంజెక్టర్ దగ్గరికి చెయ్యి పోదు. 15 లీటర్ల ట్యాంక్, నేను తెలివిగా ముందు రోజే ఫుల్ కొట్టించాను! మీరు రిజర్వ్‌కి వచ్చాక మొదలుపెట్టండి. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యండి, పెట్రోల్ పైపు ఊడదీసేటప్పుడు కింద గుడ్డ పెట్టండి, లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి మొహం మీదకి చిమ్ముతుంది. ఇంజన్ చల్లారాకే చెయ్యండి, వేడి బెండ్ పైప్ పక్కన పెట్రోల్‌తో ఆటలు వద్దు.

వైర్లు ఫ్రేమ్ వెంట పోనిచ్చి ట్యాగ్‌లు బిగించాక, ట్యాంక్ దించేటప్పుడు ఏ వైరూ ఫ్రేమ్‌కీ ట్యాంక్‌కీ మధ్య నలగకుండా వేలు పెట్టి చూసుకున్నాను. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాను, వైరు లాగడం లేదు. డబ్బాని సీటు కింద పెట్టాను, వాన నీళ్లు పైనుంచి పడకుండా కప్లర్లు కిందికి చూసేలా.

బండి స్టార్ట్ అయింది. ఐడ్లింగ్ చక్కగా ఉంది. గేటు దాటి వంద గజాలు పోయానో లేదో మీటర్‌లో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది.

ఇక్కడ అమ్మినవాళ్ల గురించి చెప్పాలి. నేను కొన్న షాపు వాళ్లకి ఫోన్ చేస్తే మొదటి మాట, "సార్, రెండు రోజులు నడపండి, అదే పోతుంది." రెండు రోజులు నడిపాను, పోలేదు. మళ్లీ చేస్తే "మీ బండిలోనే ప్రాబ్లం ఉంది సార్". మూడోసారి ఎత్తలేదు. డబ్బా మంచిదే గానీ, అమ్మాక పట్టించుకోవడానికి నేను ఇచ్చే మార్కులు సున్నా. ఇన్వాయిస్ మీద వారంటీ రెండేళ్లని పెద్ద అక్షరాల్లో ఉంది, ఫోన్ ఎత్తుతామని ఎక్కడా లేదు, అది నా పొరపాటే అనుకున్నాను.

మీకూ ఇదే జరిగితే డబ్బాని తిట్టుకునే ముందు ఒక పని చెయ్యండి. డబ్బా కప్లర్లన్నీ తీసేసి కంపెనీ కప్లర్లు మామూలుగా ఎక్కడివక్కడ కలిపేసి నడపండి. లైట్ అప్పటికీ వస్తుంటే తప్పు బండిలో ఉంది. రాకపోతే డబ్బాలోనో, దాని వైరింగ్‌లోనో ఉంది. దీనికి పావుగంట పడుతుంది, మెకానిక్ దగ్గర రెండు గంటలు నిలబడటం తప్పుతుంది. నా బండికి అలా చేస్తే లైట్ రాలేదు. సరే అని సీటు కింద ఉండే ఆరు పిన్నుల డయాగ్నొస్టిక్ కప్లర్‌కి సరిపోయే కేబుల్ ఒకటి, చవక బ్లూటూత్ స్కానర్ ఒకటి తెప్పించి, డబ్బా తిరిగి కలిపి చూస్తే కోడ్ పి0134, అంటే ఓ2 సెన్సర్ నుంచి ఏ సిగ్నలూ రావడం లేదు. వెతకాల్సింది ఒక్క వైరు అని తేలిపోయింది. అదే పి0335 అయితే క్రాంక్ సెన్సర్, పి0201 అయితే ఇంజెక్టర్, ఏది వస్తే ఆ కప్లర్ దగ్గరికి పోవాలి.

ఓ2 కప్లర్ ఊడదీసి టార్చ్ వేసి చూస్తే బయటికి అంతా బాగానే ఉంది, లాక్ క్లిక్ అంది. లోపల ఒక పిన్ను మాత్రం మిగతా వాటికంటే లోతుగా ఉంది. నేను కప్లర్ నొక్కినప్పుడు అది సరిగ్గా కూర్చోక వెనక్కి జరిగిపోయింది. వెనకనుంచి సన్న స్క్రూడ్రైవర్‌తో ముందుకు నెట్టితే టక్ అని కూర్చుంది. వైరు మెల్లగా లాగి చూశాను, కదల్లేదు. స్కానర్‌తో కోడ్ తుడిచేశాను, లైట్ మళ్లీ రాలేదు. ఇంత చిన్న దానికి నాలుగు రోజులు నిద్ర లేదు, టెన్షన్‌తో ఆఫీసులో కూడా బండి గురించే ఆలోచన. అదే ఊపులో మల్టీమీటర్ పెట్టి ఎర్త్ కూడా చూశాను. ఇంజన్ నడుస్తుండగా డబ్బా ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.1 వోల్టు కంటే తక్కువ ఉండాలి, నాకు ఇంకా తక్కువే వచ్చింది. చాలామంది ఎర్త్‌ని ఫ్రేమ్ మీద పెయింట్ పైనే బిగించేస్తారు, అప్పుడు బండి ఉన్నట్టుండి మిస్సింగ్ కొడుతుంది, వానలో ఇంకా ఎక్కువ.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. డబ్బాలో మ్యాపులు, అంటే పెట్రోల్ ఎంత పెంచాలో చెప్పే సెట్టింగులు, ఎనిమిది ఉన్నాయి, ఒకటి అన్నింటికంటే లీన్, ఎనిమిది అన్నింటికంటే రిచ్. సైలెన్సర్ మార్చినవాళ్లు ఐదు పెట్టుకోమని కాగితంలో ఉంది, పెట్టాను. ఊగడం బాగా తగ్గింది. మైలేజ్ మాత్రం 30 నుంచి 25కి పడింది, స్టార్ట్ చేయగానే పెట్రోల్ వాసన, ప్లగ్ తీసి చూస్తే పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగులా మసి. విచిత్రం ఏంటంటే ఇంత రిచ్‌గా నడుస్తున్నా పటపట చప్పుడు పోలేదు. లీన్ వల్లే ఆ చప్పుడైతే పోవాలి కదా?

పుత్లీబౌలిలో పార్టులు కొనే చోట పరిచయమైన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, చిన్న షెడ్డు, బోర్డు కూడా లేదు. ఆయన డబ్బా వైపు చూడను కూడా చూడలేదు. చల్లగా ఉన్న బండి స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర తడిగుడ్డ అడ్డం పెట్టి, ఇంజన్ హెడ్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. "అన్నా, నీ డబ్బా మంచిగనే ఉన్నది, బెండ్ పైప్ కాడ గాలి కొడ్తున్నది సూడు" అన్నాడు. సబ్బు నురగ రాస్తే బుడగలు. సైలెన్సర్ మార్చినప్పుడు ఆ కుర్రాడు పైపుని బలంగా తిప్పాడు, హెడ్ దగ్గర గాస్కెట్ రింగు కదిలిపోయింది. పొగ బయటికి పోతే పెద్ద నష్టం లేదు, కానీ ఒక పొగ కెరటానికీ ఇంకో కెరటానికీ మధ్య అదే సందులోంచి బయట గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఓ2 సెన్సర్ ఆ గాలిని చూసి లీన్ అంటుంది, ఈసీయూ పెట్రోల్ పోస్తుంది, నా డబ్బా పైనుంచి ఇంకో గరిటె వేస్తుంది. కాలని పెట్రోల్‌కి ఆ గాలి తోడై పైపులో పేలుతుంది. అంటే నేను 8 వేలు పెట్టి వదిలించుకుందామనుకున్న రెండో బాధకి మందు నూట ఇరవై రూపాయల రింగు. ఆయన కూలీ రెండొందలు తీసుకున్నాడు, టీ నేను తాగించాను.

రింగు మార్చాక డబ్బా తీసేసి వారం నడిపాను, డబ్బులు దండగ అయ్యాయా లేదా తేల్చుకోవాలని. పటపట తొంభై శాతం పోయింది. ట్రాఫిక్‌లో ఊగడం తగ్గింది గానీ పోలేదు. చైన్ లూజ్ సరిచేశాను, యాక్సిలరేటర్ కేబుల్ ఆట రెండు మూడు మిల్లీమీటర్లకి తెచ్చాను, ఇంకొంచెం తగ్గింది. అప్పుడు డబ్బా మళ్లీ పెట్టి మూడో మ్యాప్ మీద వదిలేసి వంద కిలోమీటర్లు నడవనిచ్చాను, ఈసీయూ సర్దుకోవడానికి ఆ మాత్రం టైము ఇవ్వాలి. తేడా తెలిసింది. మూడో గేర్‌లో నెమ్మదిగా పోయేటప్పుడు క్లచ్ మీదికి చెయ్యి పోవడం మానేసింది. శ్రీశైలం ఘాట్‌లో, మన్ననూరు దాటాక ఆ మలుపుల్లో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పేటప్పుడు ముందు వచ్చే కుదుపు లేదు. మైలేజ్ 28 దగ్గర నిలబడింది. ప్లగ్ ఇప్పుడు లేత ఇటుక రంగు.

వారంటీ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. సర్వీసుకి ఇచ్చేముందు నేను డబ్బా తీసేసి ఇస్తాను, వారంటీలో ఉన్న బండికి ఇంజన్ క్లెయిమ్ వస్తే ఇది మీ మెడకే చుట్టుకుంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చొద్దంటుంది. మిశ్రమం రిచ్ అయితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, పొల్యూషన్ చెక్‌కి పోయేముందు మ్యాప్ ఒకటికి దించడం కాదు, డబ్బానే తీసి వెళ్లండి. ఎనిమిదో మ్యాప్ పెట్టుకుని నెలల తరబడి తిరిగితే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోవచ్చు, దాని ధర కనుక్కుంటే ఈ డబ్బా చవకగా కనిపిస్తుంది.

కంపెనీ సైలెన్సర్, కంపెనీ ఫిల్టర్‌తో ఉన్న బండి ట్రాఫిక్‌లో ఊగుతోందంటే ముందు చైన్, కేబుల్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, గాస్కెట్ చూపించండి, ఐదొందల్లో అయిపోవచ్చు. అవన్నీ అయ్యాక కూడా ఊగితేనే ఇది కొనండి. డబ్బాకి ఐదులో నాలుగు ఇస్తాను, ఒకటి తగ్గించింది ఆ కప్లర్ పిన్నుల నాణ్యతకి. అమ్మిన షాపుకి ఒకటి, అదీ పార్సిల్ రెండు రోజుల్లో వచ్చినందుకు. మీదీ హిమాలయన్ 411 అయి, ట్యాంక్ లేపడానికి భయంగా ఉంటే అడగండి, ఏ బోల్ట్ ఎక్కడుందో ఫొటోలు తీసి పెట్టుకున్నాను, పంపిస్తాను.