‘మెరుగుదల’ అనే గడి: ఐదేళ్ల తర్వాత నా అభిప్రాయం

పక్షవాతంతో జీవిస్తున్నవారి ఫిజియోథెరపీ ఖర్చు భరించే ఒక స్వచ్ఛంద సంస్థ సాయం నేను ఐదేళ్లుగా పొందుతున్నాను. దరఖాస్తు, అర్హతల సంగతి వాళ్లే వివరంగా చెబుతారు కనుక వాటి జోలికి పోవడం లేదు. నాకున్న ఫిర్యాదు ఒక్కటే: పన్నెండు వారాలకోసారి పంపవలసిన నివేదికలో ‘మెరుగుదల’ అని ఒక గడి ఉంటుంది.

నా వెన్నుపాముకు ఛాతీ భాగంలోని నాలుగో వెన్నుపూస దగ్గర గాయమైంది. ఇటువంటి గాయాల తీవ్రతకు వైద్యులు ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు పెట్టుకున్న తరగతుల్లో నాది ‘ఎ’, అంటే పూర్తి గాయం: దానికి దిగువన నాకు కదలికా లేదు, స్పర్శా లేదు. నాబోటివారు థెరపీకి వెళ్లేది మళ్లీ నడవడానికేనని చూసేవారు అనుకుంటారు (మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను). నిజానికి నేను చేసేది వేరు: తొడలకు ఎలక్ట్రోడ్లు అతికించి కొద్దిపాటి విద్యుత్తు పంపితే, గాయానికి దిగువనున్న నరాలు బాగున్నంతవరకు, మెదడు నుంచి కబురు అందకపోయినా కండరం బిగుసుకుని సైకిల్ పెడల్ తిరుగుతుంది. అలా కూడిన కండ, తొక్కడం మానేస్తే కరిగిపోతుంది. ఉన్నది పోకుండా కాపాడుకోవడమే నా థెరపీలో ముఖ్యమైన పని, దానికి ఆ నివేదికలో గడి లేదు.

మూడో ఏట మా ఫిజియోథెరపిస్టు వరుసగా రెండుసార్లు, ఉన్నమాట ఉన్నట్టుగా, ‘మార్పు లేదు’ అని రాశారు. పునఃపరిశీలన పేరిట సాయం నాలుగు నెలలు ఆగిపోయింది. ఇంట్లో నా భార్య చేతనైనంత వరకు కాళ్లు సాగదీసేది గానీ, మూడో నెలకల్లా ఎడమ పిక్క బిగుసుకుపోయి, మునివేళ్లు కిందికి వాలి, మడమ వీల్‌చెయిర్ ఫుట్‌రెస్ట్‌కు ఆనడం మానేసింది. ఒకనాటి సాయంత్రం కారణం తెలియని తలనొప్పి, నుదుటి నిండా చెమటలు. కిందిభాగంలో నొప్పి పుడితే నాకు తెలియదు, రక్తపోటు మాత్రం ఉన్నట్టుండి పెరిగిపోతుంది, ఆ తలనొప్పీ చెమటలూ దానికి గుర్తు. మూత్రం పోయే కాథెటర్ గొట్టం మడతపడిందేమోనని చూశాం, సరిగానే ఉంది. మేజోడు తీసి చూస్తే, ఫుట్‌రెస్ట్ అంచు ఒరుసుకున్న చోట చీలమండ మీద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ, వేలితో నొక్కినా తెల్లబడలేదు. అది పుండై మానేదాకా ఐదు వారాలు మంచం దిగలేదు.

సాయం మళ్లీ మొదలయ్యాక రెండు నెలలకు మడమ ఫుట్‌రెస్ట్‌కు ఆనింది. ఆ గడిలో అది ‘మెరుగుదల’గా నమోదైంది, సంస్థ నుంచి అభినందనలు కూడా వచ్చాయి. పోగొట్టుకున్నదే తిరిగి దక్కిందా అని అడిగినవారు లేరు.

ఈ సంస్థ అడిగిన రోజే జవాబిస్తుందని లోగడ చాలామందికి చెప్పాను. అది చేర్చుకునేటప్పటి మాట. పునఃపరిశీలన సమయంలో నా మూడు ఉత్తరాలకు ఒక్క జవాబు వచ్చింది. అయినా వద్దని ఎవరికీ చెప్పలేను, ఈ సాయం లేకపోతే నాకు ఆ సైకిల్ అందుబాటులో ఉండేదే కాదు. గాయమై కొద్ది నెలలే అయినవారికి, కొంత కదలిక మిగిలినవారికి ఆ గడి సులువుగానే నిండవచ్చు. గాయం పాతదై, ఇంట్లో మేజోడు తీసి చూసే మనిషి లేనివారు మాత్రం, సాయం ఆగితే ఆ నెలలు ఎలా గడపాలో చేరేముందే అడిగి తెలుసుకోవాలి. నా తర్వాతి నివేదిక వచ్చే వారం పంపాలి. మడమ ఆనే ఉంది, అంటే మళ్లీ ‘మార్పు లేదు’.