పిస్తానా, జీడిమామిడా?

రెండూ మామిడి కుటుంబమే, కానీ తీరు చూస్తే చుట్టాలంటే నమ్మబుద్ధి కాదు. పిస్తాలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు, పుప్పొడి మోసేది గాలి, పైగా చలికాలంలో వందల గంటలు గట్టి చలి తగలకపోతే సరిగ్గా పూయదు. అందుకే అది ఇరాన్‌లోని రఫ్సంజాన్‌లో కాస్తుంది, మన పలాసలో కాదు. జీడిమామిడికి ఆ పేచీల్లేవు, మగపూలు, ద్విలింగ పూలు ఒకే గుత్తిలో ఉంటాయి.

తేడా అసలు పెంకు దగ్గర. పిస్తా చెట్టు మీదే నోరు తెరుస్తుంది, గోటితో విప్పి తినడమే. జీడిగింజ పెంకులో నూనె ఉంటుంది, చేతికి తగిలితే బొబ్బలే. మామిడికాయ సొనకి మూతి పొక్కినవాళ్లకి వేరే చెప్పాలా! ఆ నూనెనే రంగుల్లో, బ్రేకుల తయారీలో వాడతారు. పాయసంలోకి మాత్రం నా ఓటు జీడిపప్పుకే.