డిగ్రీ ఉన్నవారికి నర్సింగ్: యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ మేలా, ఏడీఎన్ మేలా?

కామర్సులోనో ఇంజినీరింగులోనో డిగ్రీ పూర్తిచేసి, ఆ తరువాత అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కావాలనుకునేవారికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: సుమారు 12 నుంచి 18 నెలల్లో ముగిసే నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ అయిన యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్, కమ్యూనిటీ కాలేజీలో దాదాపు రెండేళ్ల ఏడీఎన్ (బ్యాచిలర్ కన్నా చిన్నదైన నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ), నేరుగా నర్సింగ్ పీజీలో చేర్చుకునే డైరెక్ట్ ఎంట్రీ ఎంఎస్‌ఎన్. ఏ దారిన వెళ్లినా చివరికి లైసెన్సు కోసం రాయవలసినది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్షే. పాసైతే చేతికి వచ్చే లైసెన్సూ ఒకటే. అందువల్ల, చదువు సాగినన్నాళ్లూ జీతం లేకుండా ఇల్లు గడుస్తుందా అన్నది అన్నిటికన్నా ముందు చూసుకోవాలని నా అభిప్రాయం.

యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్‌లో సెలవులు దాదాపు ఉండవు, ఉద్యోగం చేయవద్దని చాలా కాలేజీలు ముందే చెబుతాయి. సోమవారం హార్ట్ ఫెయిల్యూర్ పాఠం, బుధవారం దానిమీద పరీక్ష. గురువారం ఉదయం ఆరున్నరకల్లా వార్డులో ఉండి, రోగి వాచిన కాలిని బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎన్ని సెకన్లకు పూడుతుందో లెక్కపెట్టాలి. పై సోమవారానికి కిడ్నీల పాఠం మొదలవుతుంది. ఆ గుంట ఎందుకు పడిందో నిదానంగా ఆలోచించుకునే వ్యవధి ఈ కోర్సులో తక్కువ. ఫీజు కూడా, ముఖ్యంగా ప్రైవేటు యూనివర్సిటీలలో, చాలా ఎక్కువ. పైగా ఒకసారి బ్యాచిలర్ డిగ్రీ పొందినవారికి తిరిగి చెల్లించనక్కరలేని ప్రభుత్వ సాయమైన ఫెడరల్ పెల్ గ్రాంట్ రాదు. అయినా ఏడాదిన్నరకు సరిపడా పొదుపు, పిల్లలను చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే, త్వరగా బీఎస్‌ఎన్ చేతికి రావడం చిన్న లాభం కాదు, ఎందుకంటే పెద్ద ఆసుపత్రులు చాలావరకు ఆ డిగ్రీ ఉన్నవారివైపే మొగ్గుచూపుతాయి.

ఆ వెసులుబాటు లేనివారికి ఏడీఎన్ మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఫీజు తక్కువ, కోర్సు కొంత నిదానం. లైసెన్సు వచ్చాక జీతం తీసుకుంటూనే ఆన్‌లైన్‌లో ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్ (లైసెన్సున్న నర్సులను బ్యాచిలర్ డిగ్రీకి చేర్చే కోర్సు) పూర్తిచేయవచ్చు, పాత డిగ్రీలోని సాధారణ సబ్జెక్టుల క్రెడిట్లు అక్కడ పనికివస్తాయి. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం కూడా ఈ వరుసనే అంగీకరిస్తుంది: కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్లలోగా బ్యాచిలర్ డిగ్రీ సంపాదిస్తే చాలు. అయితే సీటు దొరకడం కష్టం. కొన్ని కాలేజీలు లాటరీ తీస్తాయి, కొన్నిచోట్ల వెయిటింగ్ లిస్టులో చాలాకాలం ఎదురుచూడాలి.

డైరెక్ట్ ఎంట్రీ ఎంఎస్‌ఎన్ ఖరీదైనది. పీజీ చేతికి వచ్చినా, చాలామందికి తొలి ఉద్యోగం వార్డు నర్సుగానే మొదలవుతుంది. నర్స్ ప్రాక్టీషనర్ (రోగనిర్ధారణ చేసి మందులు రాసే నర్సు) కావాలనో, బోధనలోకి వెళ్లాలనో ఇప్పటికే నిశ్చయించుకున్నవారికి తప్ప నేను దీనిని సూచించను.

వ్యవధి లెక్కవేసేటప్పుడు చాలామంది ముందస్తు సబ్జెక్టులను మరచిపోతారు. అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ వంటివి చేరకముందే పూర్తికావాలి. సైన్సు సబ్జెక్టులు అయిదేళ్లు, ఏడేళ్లు దాటితే మళ్లీ చదవమనే కాలేజీలున్నాయి. ఇతర రంగాల నుంచి వచ్చేవారికి వీటికే ఏడాది పట్టవచ్చు కనుక, “12 నెలలు” అన్న ప్రకటనకు ఆ ఏడాదినీ కలిపి చూసుకోవాలి. ఏ కాలేజీలోనైనా ఫీజు కట్టేముందు, దానికి రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం ఉందా, అక్కడి విద్యార్థులలో ఎందరు ఎన్‌క్లెక్స్‌ను తొలి ప్రయత్నంలోనే పాసయ్యారు అన్నవి తప్పక కనుక్కోండి.