చెవిలో పువ్వులు పెట్టే టెక్నో ప్రీసెట్ ప్యాకులు: ఎఫ్ఎం సింథ్ వాడేవాళ్లు జాగ్రత్త

ఒక తరంగంతో ఇంకో తరంగం ఫ్రీక్వెన్సీని ఊపి శబ్దం పుట్టించేది ఎఫ్ఎం సింథ్, ఆ తరంగాలు పుట్టించే భాగాలే ఆపరేటర్లు. ఆరు ఆపరేటర్ల ఎఫ్ఎం సింథ్ ప్లగిన్ల కోసం టెక్నో ప్రీసెట్ (ముందే చేసిపెట్టిన శబ్దం, దీన్నే ప్యాచ్ అనీ అంటారు) ప్యాక్ కొనే ఆలోచనలో ఉంటే, డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. 512 ప్యాచులు, అన్నీ మొదటి నుంచి సొంతంగా చేసినవి, ప్రతిదానికీ మాడ్ వీల్ (కీబోర్డు పక్కన ఉండి, తిప్పితే శబ్దాన్ని మార్చే చక్రం) అమర్చి ఉంటుంది, టెక్నో పుట్టిన డెట్రాయిట్ తరహా బాస్‌లు, వేర్‌హౌస్ స్టాబ్‌లు (ఒక్కసారి కొట్టి ఆగిపోయే పొట్టి కార్డ్ మోతలు) అన్నీ ఇందులోనే అన్న ప్రకటన చూసి ఒక ప్యాక్ కొన్నాను. చేతికొచ్చింది వేరే సరుకు. డబ్బు ఇంతవరకూ వెనక్కి రాలేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ పెట్టడం లేదు. పేరు మార్చి, కవరు బొమ్మ మార్చి మళ్లీ అమ్మకానికి పెట్టడం వాళ్లకి చిటికెలో పని. దాని బదులు, ఇలాంటి సరుకును ఎలా పసిగట్టాలో చెబుతాను. అది తెలిస్తే ఎవరు అమ్మినా దొరికిపోతారు.

జిప్ విప్పితే 16 ఎస్‌వైఎక్స్ ఫైళ్లు (సింథ్ ప్యాచులు దాచే ఫైలు రకం), ఒక్కోటీ సరిగ్గా 4,104 బైట్లు. తెలిసినవాళ్లకి ఈ అంకె చూడగానే వెలుగుతుంది: యమహా 1983లో తెచ్చిన డీఎక్స్7 అనే ఎఫ్ఎం సింథ్ బ్యాంకు (ప్యాచుల మూట) సైజు అది. ఒక్కో బ్యాంకులో 32 ప్యాచులు, పదహారు బ్యాంకులు కలిపితే 512. లెక్క కుదిరింది. ఫార్మాట్‌తో కూడా నాకు పేచీ లేదు. డెక్స్‌డ్ లాంటి ఉచిత ప్లగిన్‌తో సహా చాలా ఎఫ్ఎం సింథ్‌లు దీన్ని హాయిగా తెరుస్తాయి. లోపలున్నదే అసలు సమస్య.

మొదటి బ్యాంకులో "డెట్ స్టాబ్" అని పేరున్న ప్యాచ్ ఎక్కించి మీట నొక్కాను. స్టాబ్ కాదు, ఎలక్ట్రిక్ పియానో మోగింది. నోటు మొదట్లో సన్నగా, గాజు తగిలినట్టు వచ్చే ఆ "టింగ్" ఎక్కడైనా గుర్తుపట్టచ్చు. ఆపరేటర్ 2 తెరిస్తే రేషియో (నోటు ఫ్రీక్వెన్సీకి ఎన్ని రెట్లు అన్నది) 14. అల్గోరిథం (ఆపరేటర్లు ఒకదానికొకటి కలిసే అమరిక) 5. డీఎక్స్7తో పాటు కంపెనీయే ఇచ్చిన ఈ.పియానో 1 అది. కనీసం ఒక ఎన్వలప్ (శబ్దం లేచి ఆరే తీరు) అంకె అయినా మార్చారేమోనని వెతికాను. అదీ లేదు. పేరొక్కటే మారింది.

అక్కడి నుంచి వరసగా అన్నీ పోల్చడం మొదలుపెట్టాను. మీరూ చేయచ్చు, కష్టమేం కాదు. బ్యాంకు ఫైల్లో మొదటి 6 బైట్లు హెడర్. ఆ తర్వాత ఒక్కో ప్యాచ్‌కి 128 బైట్లు, అందులో చివరి 10 పేరుకి. అంటే శబ్దం మొత్తం 118 బైట్లలో ఉంటుంది. ఫైల్లోని బైట్లను అంకెలుగా చూపే ఏదైనా హెక్స్ వ్యూయర్‌లో ఈ ప్యాక్ ఫైలునూ, ఎప్పటినుంచో ఉచితంగా తిరుగుతున్న డీఎక్స్7 బ్యాంకులనూ పక్కపక్కన పెట్టి చూడండి. 118కి 118 అవే ఉండి, పేరు పది అక్షరాలు మాత్రం వేరైతే ఇక వాదన అక్కర్లేదు. నేను చూసిన బ్యాంకుల్లో సగానికి పైగా ప్యాచులు ఇలా దొరికాయి. కొన్ని ఫ్యాక్టరీవి, కొన్ని ఎవరెవరో ఓపిగ్గా చేసి ఊరికే పంచిపెట్టినవి. వాళ్ల పేరు ఎక్కడా లేదు, అనుమతి మాట అసలే లేదు.

మిగిలినవాటిలో ఇంకో తమాషా. ఆ 118లో చివరి బైటు ట్రాన్స్‌పోజ్. మామూలుగా అక్కడ 24 ఉంటుంది. దాన్ని 12 చేస్తే శబ్దం ఒక అష్టకం కిందికి దిగుతుంది. రెండో బ్యాంకులోని బాస్‌నే తీసుకుని ఈ ఒక్క అంకె మార్చి, ముందు "సబ్" అని తగిలించి తొమ్మిదో బ్యాంకులో పెట్టారు. దాన్ని కొత్త ప్యాచ్‌గా లెక్కేసుకున్నారు! 512 అనే అంకె ఎలా నిండిందో అప్పుడు అర్థమైంది.

మరి డెమో అంత గట్టిగా ఎలా మోగిందంటారా? డెమోలో వినపడేవి సగం ఈ ఫైళ్లలో ఉండే అవకాశమే లేదు. డీఎక్స్7లో ఫిల్టర్ (శబ్దంలో కొన్ని ఫ్రీక్వెన్సీలను కోసేది) లేదు, రివర్బ్, డిలే లాంటి ఎఫెక్టులూ లేవు. ఎఫ్ఎంలో శబ్దం పదును పెరగడం, తగ్గడం మాడ్యులేటర్ (ఇంకో ఆపరేటర్‌ని ఊపే ఆపరేటర్) స్థాయి మీద ఆధారపడుతుంది. ఎఫ్ఎం సింథసిస్ కనిపెట్టిన జాన్ చౌనింగ్ 1973లో ప్రచురించిన పేపర్‌లో చూపించింది ఇదే: మాడ్యులేషన్ ఇండెక్స్ (ఎంత ఊపుతున్నామన్న అంకె) పెరిగేకొద్దీ క్యారియర్‌కి (మనకి వినపడే ఆపరేటర్‌కి) రెండు పక్కలా సైడ్‌బ్యాండ్లు, అంటే కొత్త ఫ్రీక్వెన్సీలు, పెరుగుతూ పోతాయి. ఆ పదునెక్కే తీరు వేరు, రెజొనెన్స్ (కోత అంచు దగ్గర మోత పెంచేది) పెంచిన ఫిల్టర్ "వ్యాఁవ్" అంటూ తెరుచుకునే తీరు వేరు. ఒకసారి రెండూ పక్కపక్కన వింటే మళ్లీ పొరబడరు. ఈ ప్యాక్ డెమోలో దాదాపు ప్రతి స్టాబ్ మీదా ఆ ఫిల్టర్ కదలిక స్పష్టంగా ఉంది. డెక్స్‌డ్‌లో పైన కటాఫ్, రెజొనెన్స్ నాబ్‌లు ఉన్న మాట నిజమే కానీ అవి ప్లగిన్‌వి, ఎస్‌వైఎక్స్ ఫైల్లోకి ఎక్కవు. హై హ్యాట్‌లు శాంపిళ్లు. కిక్ పడినప్పుడల్లా స్టాబ్ అణిగి లేవడం సైడ్‌చెయిన్ కంప్రెసర్ చలవ. వీటన్నిటి మీదా డిస్టార్షన్. ఇవేవీ ప్యాక్‌లో లేవు, ఉన్నాయని చెప్పనూ లేదు, లేవని చెప్పనూ లేదు. అదీ వాళ్ల తెలివి.

ఎఫ్ఎం8 లాంటి సింథ్‌ల సొంత ఫార్మాట్‌లో ప్యాచ్ అమ్మితే సంగతి వేరు. దాంట్లో ఫిల్టర్ ఆపరేటరూ, ఎఫెక్టులూ ఉన్నాయి, అవి ప్యాచ్‌తో పాటే సేవ్ అవుతాయి. కాబట్టి డెమో వినేముందు ఫైలు ఏ ఫార్మాట్‌లో ఇస్తున్నారో చూడండి. ఎస్‌వైఎక్స్ అని రాసి ఉండి డెమోలో ఫిల్టర్ ఊగిపోతుంటే ఆ పేజీ మూసేయచ్చు.

మాడ్ వీల్ సంగతికొస్తే అది శుద్ధ అబద్ధం. మాడ్ వీల్ దేన్ని కదపాలి, ఎంత కదపాలి అన్నవి డీఎక్స్7లో ఫంక్షన్ పారామీటర్లు. అవి ప్యాచ్ డేటాలో ఉండవు, సింథ్ మొత్తానికీ ఒకటే. శబ్దం విచ్చుకోవడానికి సంబంధించి ప్యాచ్‌లో ఉండేది ఒక్కో ఆపరేటర్ ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్‌కి ఎంత స్పందించాలి అన్న అంకె మాత్రమే, 0 నుంచి 3 దాకా. ఎక్కువ ప్యాచుల్లో అదీ సున్నాయే. "ప్రతి ప్యాచ్‌లో వీల్ తిప్పితే శబ్దం విచ్చుకుంటుంది" అని రాసినవాళ్లు ఈ ఫార్మాట్‌ని ఎప్పుడూ తెరిచి చూసి ఉండరు, లేదా మనం తెరవమని ధీమా.

వెలాసిటీ (మీట ఎంత బలంగా నొక్కారన్నది) కూడా అంతే. ఒకే నోటు సీక్వెన్సర్‌లో (నోట్లను వరసగా తిప్పి మోగించేదానిలో) గంటసేపు తిరిగినా విసుగు రాకుండా ఉండాలంటే, గట్టిగా కొట్టిన స్టెప్ పదునుగా, మెల్లగా కొట్టినది మొద్దుగా పలకాలి. దానికి మాడ్యులేటర్లకు కీ వెలాసిటీ సెన్సిటివిటీ ఇవ్వాలి. "హిప్నో" అని పేరు పెట్టిన బ్యాంకు మొత్తంలో మాడ్యులేటర్లన్నిటికీ అది సున్నా. ఎలా కొట్టినా ఒకే మోత.

డెట్రాయిట్ పేరు వాడుకోవడం నాకు ఇంకా ఒళ్లు మండించింది. అక్కడి తొలితరం టెక్నోతో బాగా ముడిపడిన ఎఫ్ఎం సింథ్ డీఎక్స్100. అది నాలుగు ఆపరేటర్లు, ఎనిమిది అల్గోరిథంల చిన్న పెట్టె, 1985 నాటిది. తర్వాత 1987లో వచ్చిన టీఎక్స్81జెడ్ కూడా నాలుగు ఆపరేటర్లదే. పేరుమోసిన లేట్లీ బాస్ ప్యాచ్ దానిదే. దాని ఆపరేటర్లకి ఎనిమిది రకాల తరంగాలుంటే, డీఎక్స్7కి సైన్ ఒక్కటే. వీటి డేటా డీఎక్స్7 బ్యాంకుల్లో నేరుగా కూర్చోదు. పారామీటర్లు మార్చుకుంటూ, చెవితో సరిచూసుకుంటూ తిరగరాయాలి. అలా చేసినవాళ్లున్నారు, మంచి పని. ఈ ప్యాక్‌లో మాత్రం డెట్రాయిట్ అన్నది పేరులో తప్ప ఇంకెక్కడా లేదు.

అమ్మినవాళ్లకి రాశాను. "క్లాసిక్ శబ్దాల స్ఫూర్తితో చేసినవి" అని జవాబొచ్చింది. స్ఫూర్తి 118 బైట్లకి 118 బైట్లు ఉంటుందా? పోలిక పట్టిక పంపితే, డౌన్‌లోడ్ లింకు నొక్కారు కాబట్టి వాపసు కుదరదు అన్నారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నేను రాసిన సమీక్ష పేజీలోకి ఎక్కలేదు. అక్కడున్నవన్నీ ఐదు చుక్కలవే, ఒక్కరైనా ఫలానా ప్యాచ్ బాగుంది అని పేరు పెట్టి చెప్పలేదు. "ఇంకా కొద్ది నిమిషాలే" అంటూ పైన పరిగెత్తే గడియారం పేజీ రీలోడ్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఎవరి పేజీలో కనపడినా దాన్ని అలా పరీక్షించి చూడండి.

కొనేముందు అమ్మేవాళ్లని రెండే రెండు అడగండి: ఎఫెక్టులు లేని డ్రై డెమో, నమూనాకి ఒక బ్యాంకు. నిజంగా సొంతంగా చేసినవాళ్లు ఈ రెండూ సంతోషంగా ఇస్తారు. ఎఫ్ఎం మీద ఏళ్ల తరబడి పనిచేసి మంచి ప్యాచులు అమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఇలాంటి కలగాపులగం వల్ల దెబ్బతినేది ముందు వాళ్లే.

అసలు వేర్‌హౌస్ స్టాబ్ కోసమే అయితే ప్యాక్ అక్కర్లేదు. డెక్స్‌డ్‌లో ఇనిట్ ప్యాచ్ (ఏమీ చేయని ఖాళీ ప్యాచ్) తీసుకుని అల్గోరిథం 5 పెట్టండి. క్యారియర్, మాడ్యులేటర్ జతలు మూడు వస్తాయి: 1కి 2, 3కి 4, 5కి 6. మొదటి జత రెండింటికీ రేషియో 1.00, రెండో జతకి 1.19, మూడో జతకి 1.50 ఇవ్వండి. ఒక్క వేలితో నొక్కితే మైనర్ కార్డ్ పలుకుతుంది. సరైన శ్రుతికి ఇవి ఒకటి రెండు సెంట్లు (సెంటు అంటే సెమిటోన్‌లో వందో వంతు) మాత్రమే పక్కన, కార్డ్‌లో అది చెవికి ఆనదు. క్యారియర్ల లెవెల్ 90 దగ్గర, మాడ్యులేటర్లది 75 దగ్గర మొదలుపెట్టండి. అన్ని ఎన్వలప్‌లకీ మొదటి రేటు 99, మొదటి లెవెల్ 99, తర్వాతి లెవెళ్లు సున్నా. రెండో రేటు మాడ్యులేటర్లకి ఎక్కువ, క్యారియర్లకి కాస్త తక్కువ ఉంచితే మొదట పదునుగా తగిలి, తర్వాత గుండ్రంగా ఆరిపోతుంది. ఇనుప వాసన కావాలంటే ఆపరేటర్ 4 రేషియోని 1.19 నుంచి 3.5 వైపు జరపండి. గరుకు కావాలంటే ఫీడ్‌బ్యాక్ పెంచండి. అది ఆపరేటర్ 6 మీద పనిచేస్తుంది, దాని విలువ 7 దాకా వెళ్తుంది. మాడ్యులేటర్లకి వెలాసిటీ 4 దగ్గర పెట్టి, సీక్వెన్సర్‌లో స్టెప్పుల బలాలు ఎగుడుదిగుడుగా ఇవ్వండి. డెమోలో విన్న రివర్బ్, డిస్టార్షన్ మీ సాఫ్ట్‌వేర్‌లో ఎటూ ఉంటాయి.

ఇప్పటికే ఇలాంటిది కొని ఇరుక్కున్నవాళ్లు ఉంటే, ప్రకటన పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపటికి మాటలు మారిపోవచ్చు. కార్డు లేదా చెల్లింపు సంస్థ దగ్గర "వస్తువు వర్ణనకి సరిపోలలేదు" అనే కారణం కింద ఫిర్యాదు పెట్టండి. శబ్దం బాగాలేదు అని మాత్రం రాయకండి, అది మీ అభిరుచి అంటూ కొట్టిపారేస్తారు. బైట్ల పోలిక, "సొంతంగా చేసినవి" అన్న వాక్యం, మాడ్ వీల్ వాక్యం, ఈ మూడూ జత చేయండి. దీనికి గడువుంటుంది, అది దాటకముందే పెట్టాలి. నాది పెట్టాను, ఇంకా తేలలేదు.